మిద్దె మీది టెలిస్కోపుతో భూసమీప గ్రహశకలాల కక్ష్యలను సవరించడం ఎలా

తిరుపతి నుంచి చెన్నైకి బయలుదేరిన బస్సును రేణిగుంట కూడలిలో రెండు నిమిషాలు చూసినవారు అది చెన్నైకి ఎప్పుడు చేరుతుందో అంచనా కట్టగలరు గాని, ఆ అంచనాలో గంట తేడా రావచ్చు. అదే బస్సు పుత్తూరు దాటిన సమయాన్ని ఒకరు, నగరి దాటిన సమయాన్ని మరొకరు గడియారం చూసి రాసిపెడితే ఆ తేడా నిమిషాల్లోకి దిగుతుంది. పుత్తూరులో నిలబడిన మనిషి చేతిలో ఖరీదైన బైనాక్యులర్లు ఉన్నాయా లేవా అన్నది ఇక్కడ ప్రధానం కాదు. అతని గడియారం సరిగ్గా నడుస్తున్నదా, అతను నిలబడినది నిజంగా పుత్తూరులోనేనా అన్న రెండు విషయాలే ప్రధానం. చిన్న టెలిస్కోపుతో గ్రహశకలాల కక్ష్యలను సవరించే పని కూడా సరిగ్గా ఇటువంటిదే కనుక, ఈ వ్యాసంలో అద్దాల గురించి తక్కువగాను, గడియారం గురించి ఎక్కువగాను రాస్తున్నాను.

సూర్యుడికి 1.3 ఖగోళ ప్రమాణాల కంటె దగ్గరగా వచ్చే గ్రహశకలాలను భూసమీప గ్రహశకలాలు అంటారు. ఖగోళ ప్రమాణం అంటే భూమికి, సూర్యుడికి మధ్య ఉన్న సగటు దూరం, అంటే సుమారు 15 కోట్ల కిలోమీటర్లు. 2025 చివరికి ఇటువంటివి 40,000కు పైగా బయటపడ్డాయి. ఒక గ్రహశకలపు కక్ష్యను పూర్తిగా చెప్పాలంటే ఆరు సంఖ్యలు కావాలి. ఒక్కొక్క పరిశీలన ఆకాశంలో రెండు కోణాలను మాత్రమే ఇస్తుంది, దూరాన్ని ఇవ్వదు కాబట్టి లెక్కప్రకారం మూడు పరిశీలనలు ఉంటే చాలు. 1801లో ఇటలీ ఖగోళ శాస్త్రజ్ఞుడు పియాజీ ఆరు వారాల పాటు చూసి తరువాత పోగొట్టుకున్న సెరెస్‌ను (మొట్టమొదట దొరికిన గ్రహశకలం) గణితజ్ఞుడు గౌస్ లెక్కకట్టి, ఆ ఏడాది చివరి రోజున మళ్లీ దొరికేటట్లు చేయగలిగినది కొద్దిపాటి పరిశీలనలతోనే. అయితే ప్రతి పరిశీలనలోనూ కొంత దోషం ఉంటుంది. ఒకే రాత్రి కొలతలతో కట్టిన కక్ష్యలో ఆ దోషం రోజురోజుకూ, ముఖ్యంగా గ్రహశకలం ప్రయాణించే దారి వెంబడి, పొడవాటి పట్టీలాగా సాగిపోతుంది. రెండో రాత్రి, అయిదో రాత్రి, ఇరవయ్యో రాత్రి కొలతలు చేరిన కొద్దీ ఆ పట్టీ కుంచించుకుపోతుంది.

దీనికి ఇటీవలి ఉదాహరణ 2024 వైఆర్4. చిలీలోని అట్లాస్ టెలిస్కోపు దానిని 2024 డిసెంబరు 27న కనుగొన్నది. అది 2032 డిసెంబరు 22న భూమిని ఢీకొనే అవకాశం 2025 ఫిబ్రవరి 18 నాటికి 3.1 శాతానికి పెరిగి, తరువాత వారం తిరగకముందే దాదాపు సున్నాకు పడిపోయింది. ఆ గ్రహశకలం దారి ఏమీ మార్చుకోలేదు. అనిశ్చితి పట్టీ కుంచించుకుపోతున్నంతకాలం భూమి ఇంకా దాని లోపలే ఉండటం వల్ల శాతం పెరుగుతూ వచ్చింది, పట్టీ అంచు భూమిని దాటి లోపలికి జరగగానే శాతం పడిపోయింది. వైఆర్4 త్వరగా మసకబారి పెద్ద టెలిస్కోపులకే పరిమితమైన మాట నిజం. అయితే ప్రకాశవంతమైనవి ఏటా ఎన్నో మన చిన్న అద్దాలకు అందుతాయి. అవి దగ్గరగా, వెలుగుగా ఉండే ఆ కొద్ది రోజుల్లో కొలిచేవారు దొరకడమే కష్టం.

మన రేఖాంశానికి ఇక్కడ ఒక విలువ ఉంది. కొత్త గ్రహశకలాలను గాలించే పెద్ద సర్వేలు ఎక్కువగా ఆరిజోనా, హవాయిలలో ఉన్నాయి. ఆరిజోనాలో తెల్లవారే వేళకు మనకు సాయంత్రమవుతుంది, హవాయిలో తెల్లవారే వేళకు మనకు రాత్రి తొమ్మిది గంటల ప్రాంతమవుతుంది. వారు ముందు రాత్రి పట్టుకున్న దానిని ఐరోపాలో చీకటి పడేలోపు చూడగలిగిన ప్రాంతాలలో మనది ఒకటి. ఈ పని ఈ చుట్టుపక్కల కొత్తదేమీ కాదు. 1861 ఏప్రిల్‌లో మద్రాసు వేధశాల నుంచి పోగ్సన్ కనుగొన్న గ్రహశకలానికే ఆసియా అని పేరు పెట్టారు. చిత్తూరుకు దక్షిణాన జవ్వాది కొండల్లో ఉన్న కావలూరు నుంచి 1988 ఫిబ్రవరిలో 45 సెంటీమీటర్ల ష్మిట్ టెలిస్కోపుతో ఆర్. రాజమోహన్ కనుగొన్న గ్రహశకలం 4130వ సంఖ్యతో రామానుజన్ పేరును మోస్తున్నది.

చోటు, దిక్కు

ముందుగా చోటు సంగతి చూద్దాం. తిరుపతి పట్టణంలో, ముఖ్యంగా కపిలతీర్థం, అలిపిరి వైపు మిద్దె ఎక్కితే ఉత్తరాన శేషాచలం గోడలాగా నిలబడి ఉంటుంది. ఆ పైన తిరుమల దీపాల వెలుగు ఆకాశమంతా పరుచుకుంటుంది. ధ్రువ నక్షత్రం మన దగ్గర దిగంతానికి పదమూడున్నర డిగ్రీల ఎత్తులో మాత్రమే ఉంటుంది కనుక కొండ పాదంలో ఉన్న ఇళ్లకు అది అసలు కనబడదు. టెలిస్కోపును మోస్తూ నక్షత్రాల వెంట తిప్పే ఈక్వటోరియల్ మౌంటును ధ్రువానికి గురిపెట్టాలని పుస్తకాలన్నీ చెబుతాయి గాని, కనబడని ధ్రువానికి గురిపెట్టడం ఎలాగో చాలా పుస్తకాలు చెప్పవు.

దానికి రెండు దారులు ఉన్నాయి. మొదటిది పాత పద్ధతి. మధ్యాహ్నరేఖ (ఉత్తర దక్షిణాలను నడినెత్తి మీదుగా కలిపే గీత) మీద, ఖగోళ మధ్యరేఖకు దగ్గరగా ఉన్న నక్షత్రాన్ని ఎంచుకుని, మౌంటును నడిపిస్తూ అది ఉత్తరానికి జరుగుతున్నదా, దక్షిణానికి జరుగుతున్నదా అని చూడాలి. దక్షిణానికి జరిగితే మౌంటు అక్షం తూర్పుకు తప్పి ఉన్నట్లు, ఉత్తరానికి జరిగితే పడమరకు తప్పి ఉన్నట్లు. తరువాత తూర్పు దిక్కున తక్కువ ఎత్తులో ఉన్న నక్షత్రంతో ఇదే పని చేస్తే, దక్షిణానికి జరిగినప్పుడు అక్షం కిందికి వంగి ఉన్నట్లు, ఉత్తరానికి జరిగినప్పుడు పైకి లేచి ఉన్నట్లు తెలుస్తుంది. ఓపిక ఉన్నవారికి అరగంట పని. రెండో దారి నీనా వంటి ఉచిత సాఫ్ట్‌వేరులో ఉన్న మూడు బిందువుల అమరిక. ఆకాశంలో ఎక్కడైనా మూడు చోట్ల ఫొటోలు తీసి, వాటిలోని నక్షత్రాలను గుర్తించి, అక్షం ఎంత తప్పి ఉన్నదో అదే లెక్కచెబుతుంది. కొండ అడ్డున్న మిద్దెలకు ఇదే మేలు.

వీలున్నవారు మొగిలి కనుమ ఎక్కి పలమనేరు పీఠభూమి మీదికి వెళ్లడం మంచిది. ఎత్తు సుమారు 700 మీటర్లు, దీపాలు తక్కువ, గాలి చల్లగా ఉంటుంది. మదనపల్లె దగ్గరి హార్స్‌లీ కొండ ఇంకా ఎత్తైనది గాని మంచు, మబ్బు ఆ ఎత్తుకు ఎక్కువగా చుట్టుకుంటాయి. పలమనేరు, కుప్పం చుట్టూ కౌండిన్య అడవి అంచున ఉన్న చేలలోకి ఏనుగులు వస్తాయి కనుక, తోట యజమానికి చెప్పకుండా, తోడు లేకుండా రాత్రి పూట అక్కడ టెలిస్కోపు పెట్టుకుని కూర్చోవద్దు. ఇది లాంఛనానికి చెబుతున్న మాట కాదు.

కాలం విషయానికి వస్తే, మనకు నైరుతి మబ్బులతో పాటు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు కూడా ఉంటాయి. సంక్రాంతి తరువాత ఏప్రిల్ దాకా ఉండే రాత్రులే పనికి అనువైనవి. జనవరిలో అద్దం మీద మంచు పట్టకుండా వేడిపట్టీ తప్పనిసరి. ఒక సౌలభ్యం కూడా ఉంది. ఈ అక్షాంశం దగ్గర, సూర్యుడు, గ్రహాలు నడిచే దారి అయిన క్రాంతివృత్తం నడినెత్తికి సమీపంగా పోతుంది కాబట్టి, ఐరోపావారు దిగంతం దగ్గర దుమ్ములో వెతుక్కునే వాటిని మనం తల పైకెత్తి చూస్తాం.

పరికరాలు

ఎనిమిది అంగుళాల, అంటే 200 మిల్లీమీటర్ల అద్దం, నమ్మకంగా తిరిగే మౌంటు, చల్లబరిచే ఏర్పాటున్న మోనోక్రోమ్ (నలుపు తెలుపు) సీమాస్ సెన్సార్ కెమెరా, ఒక ల్యాప్‌టాప్ ఉంటే పని మొదలుపెట్టవచ్చు. కొనే ముందు ఒక్క లెక్క చేయాలి. పిక్సెల్ పరిమాణాన్ని మైక్రాన్లలో తీసుకుని 206తో గుణించి, టెలిస్కోపు నాభ్యంతరాన్ని మిల్లీమీటర్లలో తీసుకుని దానితో భాగిస్తే, ఒక్క పిక్సెల్ ఆకాశంలో ఎన్ని వికలలను కప్పుతుందో వస్తుంది. ఒక డిగ్రీలో 60 కలలు, ఒక కలలో 60 వికలలు. ఆర్క్ మినిట్, ఆర్క్ సెకన్ అనే మాటలకు బదులు మన పంచాంగ గణితంలోని ఈ మాటలనే ఇక్కడ వాడుతున్నాను. నాభ్యంతరం 1,000 మిల్లీమీటర్లు, పిక్సెల్ 3.76 మైక్రాన్లు అయితే ఒక పిక్సెల్‌కు 0.78 వికలలు. మైదాన ప్రాంతపు గాలిలో నక్షత్రపు చుక్క మూడు వికలల దాకా విచ్చుకుంటుంది కనుక, చుక్క అడ్డంగా రెండు మూడు పిక్సెళ్లు ఉండేటట్లు రెండేసి పిక్సెళ్లను కలిపి వాడుకున్నా నష్టం లేదు. ఇదే అమరికలో 3,008 పిక్సెళ్ల చదరపు సెన్సార్ ఒక్కొక్క వైపు 39 కలల ఆకాశాన్ని చూపుతుంది. కక్ష్య సరిగ్గా తెలియని గ్రహశకలాన్ని వెతికేటప్పుడు ఈ వెడల్పు చాలా ఆదుకుంటుంది. దూరపు వస్తువులను పెద్దగా చూపించే బార్లో కటకాల జోలికి ఈ పనిలో పోవలసిన అవసరం లేదు.

గడియారం

భూసమీప గ్రహశకలం నిమిషానికి 60 వికలలు నడుస్తుంటే, గడియారంలో ఒక సెకను తప్పు ఒక వికల తప్పుతో సమానం. నక్షత్రాల కేటలాగు, సాఫ్ట్‌వేరు కలిసి వికలలో పదోవంతు వరకు కొలిచిపెట్టగలవు. ఆ కష్టమంతా ఒక్క సెకనుతో వృథా అవుతుంది. విండోస్ గడియారం తనంతట తాను అరుదుగా మాత్రమే సరిచూసుకుంటుంది, ఈలోపల సెకన్ల కొద్దీ జారిపోతుంది. అందువల్ల నెట్ ద్వారా గడియారాన్ని సరిచేస్తూ ఉండే మైన్‌బర్గ్ ఎన్‌టీపీ వంటి ప్రోగ్రామును వేసి, పని మొదలుపెట్టడానికి కనీసం ఒక గంట ముందే ల్యాప్‌టాప్‌ను నెట్‌కు కలిపి ఉంచాలి. తోటలో నెట్ సరిగ్గా అందకపోతే, సెకను మొదలైన క్షణాన్ని విడిగా సూచించే జీపీఎస్ రిసీవరును ల్యాప్‌టాప్‌కు తగిలించాలి.

గడియారం సరిగ్గా ఉన్నంత మాత్రాన ఫైలులో పడిన సమయం సరైనదని అనుకోకూడదు. కెమెరా సాఫ్ట్‌వేరు సాధారణంగా ఎక్స్‌పోజర్ మొదలైన సమయాన్ని రాస్తుంది, కొలతకు మాత్రం మధ్య సమయం కావాలి. కొలిచే ప్రోగ్రాములో ఈ సమయం ఎక్స్‌పోజర్ మొదటిదా, మధ్యదా, చివరిదా అని అడిగే చిన్న గడి ఉంటుంది. నేను మొదటి ఏడాది ఆ గడిలో మధ్య అని ఉంచి, 60 సెకన్ల ఎక్స్‌పోజర్లు తీశాను. అంగారకుడికి, గురుడికి మధ్య తిరిగే ప్రధాన పట్టీలోని గ్రహశకలాలు నిమిషానికి అర వికల మాత్రమే నడుస్తాయి కనుక 30 సెకన్ల తప్పు వాటిలో పావు వికలగా మాత్రమే కనబడింది. పరిశీలన స్థలపు కోడ్ కోసం పంపిన ఆ పరీక్ష కొలతలన్నీ నెగ్గాయి, నేనూ సంతోషించాను. తరువాత నిమిషానికి 20 వికలలు నడిచే భూసమీప గ్రహశకలాన్ని కొలిచినప్పుడు అది తన లెక్క కంటె పది వికలలు ముందుకు పరుగెత్తినట్లు వచ్చింది. ఆ గ్రహశకలపు కక్ష్యే తప్పని రెండు రోజులు గట్టిగా నమ్మాను కూడా.

కాబట్టి గడియారాన్ని నెమ్మదిగా నడిచే వాటితో పరీక్షించవద్దు. జీపీఎస్ ఉపగ్రహాల కక్ష్యలు మీటర్ల కచ్చితత్వంతో తెలుసు, అవి ఆకాశంలో సెకనుకు 30 నుంచి 40 వికలలు నడుస్తాయి. ఒక ఉపగ్రహాన్ని చాలా తక్కువ ఎక్స్‌పోజర్లతో పట్టి, కొలిచిన స్థానాన్ని లెక్కించిన స్థానంతో పోలిస్తే సెకనులో పదోవంతు తప్పు కూడా మూడు నాలుగు వికలలై బయటపడుతుంది. సీమాస్ సెన్సార్లు చాలావరకు వరస తరువాత వరసగా చదువుతాయి కనుక పై వరసకు, కింది వరసకు మధ్య సెకనులో కొంత భాగం తేడా ఉంటుందన్నది కూడా ఈ పరీక్షలోనే తెలుస్తుంది. నిదానంగా నడిచే లక్ష్యాలకు అది లెక్కలోకి రాదు. వేగంగా నడిచే వాటికి గ్రహశకలాన్ని ఎప్పుడూ సెన్సార్ మధ్య భాగంలోనే ఉంచుకుంటే ఆ తేడా స్థిరంగా ఉంటుంది, సరిదిద్దుకోవచ్చు.

పరిశీలనలన్నీ యూటీలో, అంటే మన సమయానికి అయిదున్నర గంటలు తగ్గించి పంపాలి. రాత్రి 9 గంటల 43 నిమిషాల 20 సెకన్లు అంటే యూటీలో 16 గంటల 13 నిమిషాల 20 సెకన్లు, దానిని రోజులో భాగంగా రాస్తే 0.675926. కొలతలను పంపే పాత ఎనభై నిలువు వరసల పద్ధతిలో సాధారణంగా అయిదు దశాంశ స్థానాలు రాస్తారు. అయిదో స్థానంలో ఒకటి అంటే 0.86 సెకను కనుక వేగంగా నడిచే వాటికి ఆరో స్థానం కూడా కావాలి. మనకు కలిసివచ్చే విషయం ఒకటి ఉంది. యూటీలో తేదీ మారేది మనకు తెల్లవారుజామున అయిదున్నరకు. అంటే సాయంత్రం నుంచి తెల్లవారే దాకా మన రాత్రి మొత్తం ఒకే యూటీ తేదీలో ఉంటుంది, అమెరికా పరిశీలకులు పడే తేదీల గందరగోళం మనకు లేదు.

నిలబడిన చోటు

గడియారంతో సమానమైనది భూమి మీద మీ స్థానం. చంద్రుడంత దూరంలో పోయే గ్రహశకలం విషయంలో ఒక వికల అంటే 1.9 కిలోమీటర్లు. తిరుపతికి, పలమనేరుకు మధ్య సరళరేఖలో సుమారు 85 కిలోమీటర్లు ఉంటుంది. ఆ రెండు చోట్ల నుంచి ఇద్దరు ఒకే క్షణంలో అటువంటి గ్రహశకలాన్ని చూస్తే అది నక్షత్రాల మధ్య 45 వికలల దాకా పక్కకు జరిగి కనబడవచ్చు. ఈ పక్కచూపు వల్లనే దగ్గరి గ్రహశకలపు దూరం కూడా లెక్కలోకి వస్తుంది, కనుక చోటును తప్పుగా చెబితే దూరమే తప్పుతుంది. మౌంటు నిలబెట్టిన చోట అక్షాంశ రేఖాంశాలను, జీపీఎస్ వాడే డబ్ల్యూజీఎస్ 84 పద్ధతిలో, డిగ్రీలో అయిదారు దశాంశ స్థానాల వరకు తీసుకోవాలి.

ఎత్తు విషయంలో దక్షిణ భారతంలో ఒక చిక్కు ఉంది. జీపీఎస్ లెక్కకు ఆధారమైన దీర్ఘవృత్తజ ఉపరితలం కంటె నిజమైన సముద్రమట్టం ఈ ప్రాంతంలో 80 మీటర్లకు పైగా కిందికి ఉంటుంది. అందువల్ల కొన్ని రిసీవర్లు, తిరుపతి పట్టణం వంటి తక్కువ ఎత్తు ఊళ్లలో, మనకు తెలిసిన ఎత్తులో సగం మాత్రమే చూపుతాయి. పరికరం చెడిపోయిందని కంగారుపడవద్దు. ఏ ఎత్తును ఇస్తున్నారో, దీర్ఘవృత్తజం నుంచా, సముద్రమట్టం నుంచా అన్నది, పరిశీలన స్థలపు కోడ్ కోసం పంపే దరఖాస్తులో స్పష్టంగా రాస్తే చాలు.

లక్ష్యం ఎంపిక

ప్రపంచంలోని గ్రహశకల పరిశీలనలన్నీ అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఉన్న మైనర్ ప్లానెట్ సెంటరుకు చేరుతాయి. కొత్తగా కనబడి ఇంకా ధ్రువపడని వాటి జాబితాను ఆ కేంద్రం గంటగంటకూ మారుస్తూ ఉంటుంది. ఆ జాబితాలో ఎక్కువ భాగం 19వ మాగ్నిట్యూడ్ (వెలుగు కొలత, సంఖ్య పెరిగిన కొద్దీ మసక) కంటె మసకగా ఉండి మనకు అందవు, అందే ఒకటి రెండింటి కోసం రోజూ చూడాలి. ఎనిమిది అంగుళాల అద్దానికి ఫొటోలను కలిపి చూసుకుంటే 18వ మాగ్నిట్యూడ్ వరకు నమ్మకంగా పని జరుగుతుంది. నా అభిప్రాయంలో మొదటి ఏడాది ఈ జాబితా జోలికి పోకుండా, కనుగొని కొద్ది రోజులో వారాలో అయిన, 17వ మాగ్నిట్యూడ్ కంటె వెలుగుగా ఉన్న వాటిని వరుస రాత్రులు వెంబడించడమే ఎక్కువ ఉపకారం.

ఎంచుకున్న దాని స్థానపట్టికను మైనర్ ప్లానెట్ సెంటరు నుంచి గాని, నాసావారి జేపీఎల్ హొరైజన్స్ నుంచి గాని తీసుకునేటప్పుడు భూకేంద్రం నుంచి కాకుండా మీ చోటు నుంచి లెక్కించమని అడగాలి. 38 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉన్న గ్రహశకలానికి ఈ రెండు లెక్కల మధ్య దాదాపు ఆరు కలల తేడా రావచ్చు. పట్టికలో విషువాంశం, క్రాంతి (ఆకాశంలో చోటును చెప్పే రెండు కోణాలు), నడిచే వేగం, నడిచే దిక్కు, అనిశ్చితి ఎంత అన్న అయిదూ రాసుకోవాలి. అనిశ్చితి మీ ఫొటో వెడల్పు కంటె ఎక్కువగా ఉంటే దారి వెంబడి ముందుకు, వెనక్కు రెండు మూడు ఫొటోలు తీయడానికి సిద్ధపడి ఉండాలి.

ఫొటోలు, కొలతలు

ఎక్స్‌పోజర్ ఎంత అన్నదానికి ఒకే సూత్రం. ఆ సమయంలో గ్రహశకలం నక్షత్రపు చుక్క వెడల్పు కంటె ఎక్కువ జరగకూడదు. చుక్క మూడు వికలలు, వేగం నిమిషానికి 12 వికలలు అయితే 15 సెకన్లు. అంత తక్కువలో గ్రహశకలం కనబడకపోతే ఎక్కువ ఫొటోలు తీసి, గ్రహశకలపు వేగానికి, దిక్కుకు తగినట్లు ఒక్కొక్క దానిని జరుపుతూ ఒకదానిపై ఒకటి కలపాలి. నక్షత్రాలు గీతలుగా సాగిపోతాయి, గ్రహశకలం చుక్కగా తేలుతుంది. ఇరవై ఫొటోలు కలిపితే ఒకే ఫొటోలో కనబడే దాని కంటె సుమారు 1.6 మాగ్నిట్యూడ్లు మసకైనది కూడా దొరుకుతుంది. 15 సెకన్ల ఫొటోలు అరవై తీసి, ఇరవై చొప్పున మూడు గుంపులుగా కలిపితే మూడు స్థానాలు వస్తాయి. అరగంట ఆగి మరొకసారి తీస్తే అది నిజంగా నడుస్తున్నదే అన్న నమ్మకం కలుగుతుంది.

కొలవడానికి ఆస్ట్రోమెట్రికా, టైకో ట్రాకర్ అనే ప్రోగ్రాములు వాడుకలో ఉన్నాయి. ఫొటోలోని నక్షత్రాలను గయా ఉపగ్రహపు కేటలాగుతో పోల్చి, ప్రతి పిక్సెల్‌కూ ఆకాశంలో చోటు లెక్కకట్టి, గ్రహశకలపు చుక్క కేంద్రాన్ని చెబుతాయి. కేటలాగు ఏదని అడిగినప్పుడు గయానే ఎంచుకోవాలి. పాత కేటలాగుల దోషాలు వాటితో కొలిచిన ప్రతి స్థానంలోకీ ప్రవేశిస్తాయి. నక్షత్రాల సరిపోలిక దోషం 0.3 వికలల లోపు ఉంటే బాగున్నట్లు, అంతకు మించితే ఫోకస్ గాని, గాలి గాని బాగా లేనట్లు.

ఇక్కడ మోసపోయే చోట్లు కొన్ని ఉన్నాయి. సెన్సార్‌లో ఎప్పుడూ వెలిగే వేడి పిక్సెల్ ఒకటి ఉండి, మౌంటు అమరిక కొద్దిగా తప్పి ఆకాశం నెమ్మదిగా జారుతుంటే, నక్షత్రాలను సరిపోల్చి చూసినప్పుడు ఆ పిక్సెల్ ఒక తిన్నని దారిలో నడుస్తున్న గ్రహశకలంలా అచ్చంగా కనబడుతుంది. టెలిస్కోపుకు మూత పెట్టి తీసిన చీకటి ఫొటో వెలుగును ప్రతి ఫొటో నుంచి తగ్గించి, ఫొటోకు ఫొటోకు మధ్య టెలిస్కోపును కొన్ని పిక్సెళ్లు అటూ ఇటూ కావాలనే జరపడం దీనికి మందు. గ్రహశకలం ఒక మసక నక్షత్రం మీదుగా పోతున్నప్పుడు రెండింటి వెలుగు కలిసి కేంద్రం పక్కకు జరుగుతుంది. ఆ ఫొటోలను వదిలేయడమే సరి. లెక్కించిన చోటికి దగ్గరగా ఉండాలని చుక్కను చేత్తో జరిపి కొలవడం మాత్రం ఎప్పుడూ చేయకూడదు. కక్ష్యను సవరించగలిగేది ఆ తేడాయే కనుక, తేడాను తుడిచివేసిన కొలత లేనట్లే.

కోడ్, నివేదిక

మైనర్ ప్లానెట్ సెంటరు ప్రతి పరిశీలన స్థలానికి మూడు అక్షరాల కోడ్ ఇస్తుంది. అది లేకుండా పంపిన కొలతలు కక్ష్యల లెక్కలోకి పోవు. దానికోసం కక్ష్య బాగా తెలిసి, శాశ్వత సంఖ్య పొందిన గ్రహశకలాలు కొన్నింటిని కనీసం రెండు రాత్రులు కొలిచి, చోటు, పరికరాల వివరాలతో కలిపి పంపాలి. స్థానాలు ఒక వికల లోపు సరిపోతే కోడ్ వస్తుంది. పైన చెప్పినట్లు ఈ పరీక్ష గడియారాన్ని పరీక్షించదని గుర్తుంచుకోవాలి. మిద్దె మీద ఒక రాత్రి, పలమనేరు తోటలో ఒక రాత్రి పనిచేసేవారు ఒకే కోడ్‌ను రెండు చోట్లా వాడకూడదు.

పంపే ముందు ప్రతి రాత్రి కొలతలను ఫైండ్ ఆర్బ్ అనే ఉచిత ప్రోగ్రాములో వేసి, ఇతరుల కొలతలతో కలిపి కక్ష్య కట్టి, మీ కొలతకు, లెక్కకు మధ్య మిగిలిన తేడాను చూడాలి. ఆ తేడాల పరిమాణం కంటె వాటి దిక్కు ఎక్కువ మాట్లాడుతుంది. తేడాలన్నీ గ్రహశకలం నడిచే దారి వెంబడే ఉంటే గడియారాన్ని అనుమానించాలి. దారికి అడ్డంగా, ఒకే వైపుకు ఉంటే నక్షత్రాల సరిపోలికను గాని, చోటు వివరాలను గాని అనుమానించాలి. అన్ని వైపులకూ చెల్లాచెదురుగా ఉంటే అది మసక చుక్కను కొలవడంలో సహజంగా వచ్చేది మాత్రమే.

ఒక రాత్రికి ఒక గ్రహశకలానికి మూడు నుంచి అయిదు స్థానాలు పంపితే చాలు. ఒకే రాత్రి తీసిన కొలతలన్నిటికీ గడియారం తప్పు, కేటలాగు తప్పు, గాలి వంపు ఒకటే కనుక, అయిదుకు బదులు యాభై పంపినా ఆ ఉమ్మడి తప్పు తగ్గదు. అదే శ్రమను నాలుగు రోజుల తరువాతి రాత్రికి దాచుకుంటే కక్ష్యకు ఎన్నో రెట్లు మేలు. ఒక్కటే స్థానాన్ని, అనుమానం ఉన్న స్థానాన్ని పంపవద్దు. నివేదికను ఇప్పుడు ఏడీఈఎస్ అనే పద్ధతిలో పంపమంటున్నారు. సమయం, స్థానం, మాగ్నిట్యూడ్‌తో పాటు ఒక్కొక్క కొలతలో మీరు అంచనా వేసుకున్న దోషాన్ని కూడా అందులో రాయవచ్చు. మసకగా వచ్చిన కొలతకు ఎక్కువ దోషం రాస్తే లెక్కలో దానికి తక్కువ బరువు వేస్తారు. పంపిన తరువాత తప్పు తెలిస్తే దాచకుండా సవరణ పంపాలి.

ఫొటోల అసలు ఫైళ్లను కొలత అయిపోయింది కదా అని చెరపకూడదు. 2004 జూన్‌లో కనుగొన్న అపోఫిస్ 2029 ఏప్రిల్ 13న ఢీకొనే అవకాశం 2004 డిసెంబరులో 2.7 శాతానికి చేరినప్పుడు, దానిని తేల్చినది ఆ ఏడాది మార్చిలోనే ఆరిజోనాలోని స్పేస్‌వాచ్ సర్వే తీసి పెట్టుకున్న ఫొటోలలో దొరికిన మసక చుక్క. ఆ రోజున అది భూమి ఉపరితలానికి సుమారు 32,000 కిలోమీటర్ల దూరం నుంచి దాటిపోతుందని ఇప్పుడు తెలుసు. మన ఫొటోలోనూ మనకు తెలియకుండా పడిన చుక్క ఒకటి ఉండవచ్చు. 3,008 పిక్సెళ్ల చదరపు ఫొటో ఒక్కొక్కటి సుమారు 18 మెగాబైట్లు, రాత్రికి వంద చొప్పున ఏడాదికి అరవై రాత్రులు తీసినా 110 గిగాబైట్లకు మించదు. ఒక టెరాబైట్ డిస్కు తొమ్మిదేళ్లకు సరిపోతుంది. ఫైలు పేరులో యూటీ తేదీ, లోపల చోటు వివరాలు, గడియారాన్ని ఆ రాత్రి దేనితో సరిచూసుకున్నారన్న ఒక వాక్యం ఉండేటట్లు చూసుకోండి. డిస్కును రెండుగా చేసి ఒకటి వేరే ఇంట్లో ఉంచండి.